టీసీ పట్టుకెళ్లండమ్మా!

ఏప్రిల్ 15 వచ్చిందంటే పాలకాయతిప్పలో మోటారు పడవలన్నీ ఒడ్డెక్కుతాయి. అక్కణ్నుంచి జూన్ 14 దాకా, మొత్తం 61 రోజులు సముద్రంలో వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలమది. మగవాళ్లంతా ఇళ్ల దగ్గరే ఉంటారు. చిరిగిన వలలు బాగుచేసుకుంటారు, పడవలకు రంగులేసుకుంటారు, ఏడాదంతా కుదరని పెళ్లిళ్లకూ పేరంటాలకూ వెళ్లొస్తారు. 2022 వేసవిలో మాత్రం ఆ ఊళ్లో ఒకింటి భార్యాభర్తలు ఏ పెళ్లికీ వెళ్లలేదు. కోడూరు, అవనిగడ్డ, బందరు, విజయవాడ... ఎక్కే బస్సు, దిగే బస్సు. చేతిలో ఓ ప్లాస్టిక్ కవరు. అందులో కొడుకు ప్రోగ్రెస్ కార్డులు.

ఆ తిరుగుడుకు కారణం మే మొదటి వారంలో బడి నుంచి వచ్చిన ఫోను. ఏడో తరగతి పూర్తయిన కుర్రాడి అమ్మానాన్నలు ఓసారి వచ్చి కలవాలని కబురు. ఇద్దరూ వెళ్లారు. ఆఫీసు గదిలో కూర్చోబెట్టి మంచినీళ్లిచ్చారు. ''మీవాడు మంచోడేనమ్మా. అల్లరి లేదు. కానీ చదువు ఎక్కట్లేదు. మీరేమో రెక్కలు ముక్కలు చేసుకుని ఫీజులు కడుతున్నారు. చూస్తుంటే మాకే బాధగా ఉంది. టీసీ రాసిచ్చేస్తాం, పట్టుకెళ్లండమ్మా. గవర్నమెంటు బళ్లో వేసుకోండి'' అన్నారు. మాటలో కోపం లేదు. విసుగూ లేదు. గోడకు మాత్రం పెద్ద ఫ్లెక్సీ ఉంది, పదో తరగతిలో నూటికి నూరు శాతం ఉత్తీర్ణత అని. కరోనా వచ్చిన రెండేళ్లూ పది పరీక్షలే జరగలేదని, రాష్ట్రమంతా నూటికి నూరుమందీ పాసయ్యారని ఫ్లెక్సీలో ఎవరూ రాయరు కదా!

బడి పేరు ఇక్కడ అనవసరం. అలాంటివి ఊరికొకటున్నాయి. ఎనిమిదిలోనో తొమ్మిదిలోనో వెనకబడిన పిల్లల్ని మెల్లగా బయటికి పంపించేస్తే పదో తరగతి ఫలితాలు వాటంతటవే బాగుంటాయి. దీన్ని ఎవరూ గెంటేయడం అనరు. సలహా అంటారు.

అమ్మ ఒక్కటే అడిగింది. ''ఎల్‌కేజీ నుంచీ మీకాడే ఉన్నాడు కదండీ. తొమ్మిదేళ్లు. మరి మీరేం చెప్పినట్టు?''

దానికి సమాధానం రాలేదు. ఆలోచించుకుని రమ్మన్నారు.

ఆమె చేపల గంపతో అవనిగడ్డ దాకా వెళ్లి అమ్ముకొచ్చే మనిషి. తను చదివింది ఐదో తరగతి. ఎదుటివాళ్లు తూకంలో పది గ్రాములు తేడా చేస్తే కనిపెట్టేస్తుంది. కొడుకు విషయంలో మాత్రం తొమ్మిదేళ్లపాటు ఏదో తేడా ఉందని తెలుస్తూనే ఉన్నా, అదేంటో దొరకలేదు. రెండో తరగతిలో ''ఇంకా చిన్నోడు కదమ్మా'' అన్నారు. నాలుగులో ''శ్రద్ధ తక్కువ'' అన్నారు. ఐదులో తప్పంతా సెల్‌ఫోన్‌ది. ఆరు, ఏడు తరగతుల్లో కరోనా ఉండనే ఉంది. ఏటికో కారణం. ఆ కారణాలన్నీ నమ్మేలాగానే ఉన్నాయి, అదీ చిక్కు.

పిల్లాడు మొద్దు కాదని ఆమెకు తెలుసు. పీతలు కిలో ఇంత చొప్పున మూడు కిలోల ముప్పావుకు ఎంతో అడిగితే కాయితం లేకుండా చెప్పేస్తాడు. అదే అంకె కాయితమ్మీద పెట్టమంటే 21 కాస్తా 12 అవుతుంది. తెలుగు పద్యాలు ఎవరైనా రెండుసార్లు చదివితే చాలు, మూడోసారి తనే చెప్పేస్తాడు. నాలుగో తరగతిలో ఓ రాత్రి పుస్తకం ముందేసుకుని గడగడా పాఠం చదువుతుంటే ఆమె మురిసిపోయి పక్కన కూర్చుంది. కాసేపటికి గానీ అసలు సంగతి తెలియలేదు. వాడి నోట్లో ఉన్న పాఠం వేరు, వాడి ముందు తెరిచి ఉన్న పేజీ వేరు. క్లాసులో విన్నదంతా అప్పజెబుతున్నాడు. చదవడం లేదు.

రాత చూస్తే ఇంకా అయోమయం. 'వ' రాయాల్సిన చోట 'ప', 'మ' రాయాల్సిన చోట 'య'. ఒత్తులు ఎగిరిపోయేవి, దీర్ఘాలు పక్క అక్షరం మీదికి జరిగిపోయేవి. తెలుగు లిపిలో గుణింతం, ఒత్తు, తలకట్టు అన్నీ ఒకే అక్షరం చుట్టూ పైనా కిందా పేర్చుకుని ఉంటాయి. వాటిని విడదీసి చూడలేని పిల్లలకు 'అమ్మ' అని రాయడం కూడా చిక్కుముడే. ఇంగ్లిషులో 'బి'కీ 'డి'కీ తేడా తెలిసేది కాదు. బోర్డు మీద పది లైన్లుంటే వీడు మూడోది పూర్తిచేసేలోపు చెరిపేసేవాళ్లు. నోట్సు నిండా ఎర్రసిరాతో 'ఇన్‌కంప్లీట్'. ఆపైన గోడకుర్చీ. లేదంటే క్లాసు బయట నిలబడటం. ఆరో తరగతికొచ్చేసరికి ప్రతి సోమవారం పొద్దున్నే కడుపునొప్పి మొదలయ్యేది.

జవాబు: బి

టీసీ మాట విని వచ్చిన నాలుగు రోజులకు ఆమె అక్క కూతురు ఇంటికొచ్చింది. అవనిగడ్డలో డీఎస్సీ కోచింగ్ తీసుకుంటున్న పిల్ల. దివిసీమ బయటివాళ్లకు అవనిగడ్డ అంటే ఏం గుర్తొస్తుందో గానీ, బీఈడీలూ డీఎడ్‌లూ చేసినవాళ్లకు మాత్రం కోచింగే గుర్తొస్తుంది. రాష్ట్రం నలుమూలల నుంచీ వచ్చి, గదులు అద్దెకు తీసుకుని, నెలల తరబడి బిట్లు బట్టీపట్టి ఉపాధ్యాయులైపోతుంటారు. ఆ పిల్ల కూడా చేతిలో మెటీరియల్ లేకుండా ఎక్కడికీ కదలదు. పిన్ని వంటచేస్తుంటే పక్కన కూర్చుని విద్యా మనోవిజ్ఞానం బిట్లు పైకి చదువుకుంటోంది. సాధారణ ప్రజ్ఞ ఉండి కూడా చదవడంలో తీవ్రమైన ఇబ్బంది పడటాన్ని ఏమంటారు? ఎ) డిస్‌గ్రాఫియా, బి) డిస్‌లెక్సియా, సి) డిస్‌కాలిక్యులియా, డి) అఫేసియా. జవాబు: బి.

చదివిన పిల్ల ఆగింది. వెనక్కెళ్లి వివరణ చదివింది. అక్షరాలు తారుమారు కావడం, చూసి రాయడంలో ఆలస్యం, విన్నది గుర్తుండటం, చదివింది ఉండకపోవడం...

''పిన్నీ, ఇది మనోడేనే!''

ఇంకో మాట కూడా అంది. గోడకుర్చీ వేయించిన క్లాస్ టీచరు తనతోపాటే సాయంత్రం బ్యాచ్‌లో కోచింగ్‌కు వస్తుందట. ఇదే మెటీరియల్. పరీక్షలో ఈ బిట్టొస్తే ఆవిడా తప్పకుండా 'బి' పెట్టే ఉండేది. అలాగని ఆవిణ్ని తిట్టుకోవడానికీ లేదు. క్లాసులో 40 మందికి పైనే పిల్లలు, చేతికొచ్చేది నెలకు ఏడువేలు. పుస్తకంలో చదివిన పదానికీ, మూడో బెంచీలో కూర్చున్న కుర్రాడికీ సంబంధం ఉందని ఆవిడకు ఎవరూ చెప్పలేదు. సినిమా చూసినవాళ్లకు మాత్రం ఆ పదం 2007 నుంచే తెలుసు, 'తారే జమీన్ పర్' పుణ్యమాని. ఆ సినిమా పాలకాయతిప్ప దాకా రాలేదు.

చట్టం కూడా ఆలస్యంగానే వచ్చింది. 1995 నాటి వికలాంగుల చట్టంలో ఉన్నవి ఏడు వైకల్యాలే. వాటిలో ఇది లేదు. 2016లో పార్లమెంటు చేసిన దివ్యాంగుల హక్కుల చట్టం ఆ జాబితాను 21కి పెంచి, అభ్యసన వైకల్యాలను కూడా చేర్చింది. 2017 ఏప్రిల్ 19 నుంచి అది అమల్లో ఉంది. అందులో 16వ సెక్షన్ సూటిగా ఉంటుంది. ప్రభుత్వ గుర్తింపు ఉన్న బళ్లు ఇలాంటి ఇబ్బంది ఉన్న పిల్లల్ని వీలైనంత త్వరగా గుర్తించాలి. గుర్తించి ఊరుకోకూడదు, వాళ్లకు తగ్గట్టుగా చెప్పే పద్ధతి మార్చుకోవాలి. అంటే ఆ రోజు ఆఫీసు గదిలో అమ్మ అడిగిన ప్రశ్ననే చట్టం కూడా అడుగుతోందన్నమాట.

ముందు ఆ ఇబ్బంది ఉందని తేలాలి కదా. దానికి కేంద్రం 2018 జనవరిలో మార్గదర్శకాలిచ్చింది. ఎనిమిదేళ్లు నిండిన పిల్లలకే ఈ పరీక్షలు. పిల్లల వైద్యుడు కంటినీ చెవినీ, మిగతా ఆరోగ్యాన్నీ చూడాలి. మనస్తత్వ నిపుణులు తెలివితేటలు కొలవాలి. చదవడం, రాయడం, లెక్కలు విడివిడిగా పరీక్షించాలి. ఈ నిపుణులంతా ఒకేచోట దొరకాలంటే దివిసీమ నుంచి విజయవాడ పోవాల్సిందే. ఆ ఏడాది వేట నిషేధ భృతి కింద వచ్చిన 10 వేల రూపాయలు ఆ ప్రయాణాలకే సరిపోయాయి.

రెండు దఫాలుగా పరీక్షలు జరిగాయి. చూపు బాగుంది, వినికిడి బాగుంది. తెలివితేటలు వయసుకు తగ్గట్టే ఉన్నాయి. చదవడం మాత్రం రెండో తరగతి దగ్గరే ఆగిపోయింది. ''ఇది జబ్బు కాదు. మందులుండవు. నేర్పే పద్ధతి మారాలి, అంతే'' అని చెప్పారు.

అప్పటిదాకా నోరు విప్పని తండ్రి, ''ఆడు కావాలని చెయ్యట్లేదంటారా?'' అన్నాడు.

''కాదండీ.''

తిరుగు ప్రయాణంలో పులిగడ్డ దాటేదాకా ఆయన మాట్లాడలేదు. ప్రోగ్రెస్ కార్డు వచ్చిన ప్రతిసారీ తాడు తీసుకున్నది ఆయనే. దీనికి ఏ కోర్టూ లేదు. బస్సు దిగాక పిల్లాడికి పునుగులు కొనిపెట్టాడు. వాడికి ఎందుకో అర్థం కాలేదు గానీ, తిన్నాడు.

రసీదు ఏదీ?

వాళ్లు మొదట చేసిన తప్పు చాలామంది చేసేదే. కాయితం తీసుకుని బడికి వెళ్లి, చూపించి, నోటిమాటగా చెప్పి వచ్చారు. ''సరేనమ్మా చూద్దాం'' అన్నారు. వారం తర్వాత అదే ఫోను. టీసీ సిద్ధంగా ఉందని.

ఈసారి మేనకోడలు వాళ్లను అవనిగడ్డ కోర్టు ఆవరణలో ఉన్న మండల న్యాయ సేవాధికార సంస్థకు తీసుకెళ్లింది. అక్కడికి వెళ్లాలంటే ఆ తల్లికి భయం. లాయరంటే డబ్బు అనుకుంది. 1987 నాటి న్యాయ సేవాధికార సంస్థల చట్టం ప్రకారం ఆడవాళ్లకూ, పిల్లలకూ, దివ్యాంగులకూ ఉచితంగానే లాయరునిస్తారు. ఆదాయం ఎంతన్నది వాళ్ల విషయంలో చూడరు. కేసు లేకపోయినా సలహా అడగొచ్చు. 15100 నంబరుకు ఫోన్ చేసినా చెబుతారు.

లాయరు గారు అంతా విని మొదట అడిగింది ఒకటే. ''మీరు బడికి కాయితం ఇచ్చినట్టు రసీదు ఏదీ?''

లేదు. అప్పటిదాకా జరిగిన తొమ్మిదేళ్లలో ఒక్క కాయితమ్మీదా సంతకం లేదు. టీసీ తీసుకోమన్నది నోటిమాట. గోడకుర్చీ నోటిమాట. తల్లి ఏటా వెళ్లి మొత్తుకున్నదీ నోటిమాటే. ''రేపు వాళ్లు, అమ్మా మేమలా అనలేదంటే?'' అన్నాడాయన. ఆ రోజే తెలుగులో ఓ అర్జీ రాయించాడు. రెండు పేజీలు. ఒకటి బడికి రిజిస్టర్డ్ పోస్టులో, ఒకటి మండల విద్యాధికారికి, ఒకటి బందరులో జిల్లా విద్యాధికారికి. సోమవారం కలెక్టరేట్‌లో జరిగే 'స్పందన'లో ఇంకోటి. (2024లో ప్రభుత్వం మారాక ఆ కార్యక్రమం పేరూ మారింది. అర్జీలు మాత్రం సోమవారమే.) ప్రతిదానికీ రసీదు. ప్లాస్టిక్ కవరు అక్కణ్నుంచి లావెక్కడం మొదలైంది.

ఆ రెండు పేజీల్లో పెద్ద పెద్ద మాటలేవీ లేవు. విద్యాహక్కు చట్టంలో 16వ సెక్షన్ ప్రకారం ప్రాథమిక విద్య పూర్తయ్యేదాకా, అంటే ఎనిమిదో తరగతి అయ్యేవరకూ, ఏ బడీ పిల్లల్ని పంపించెయ్యకూడదు. అందులోనే 17వ సెక్షన్... పిల్లల్ని కొట్టకూడదు, మానసికంగా వేధించకూడదు. 24వ సెక్షన్ ప్రకారం టీచర్లు ప్రతి పిల్లవాడి స్థాయీ అంచనా వేసి, అవసరమైతే అదనంగా చెప్పాలి. 2016 చట్టం సంగతి సరేసరి. ఇవన్నీ ప్రైవేటు బడికీ వర్తిస్తాయి. ఫిర్యాదు రాతపూర్వకంగా ఇస్తే మూడు నెలల్లో తేల్చాలని విద్యాహక్కు చట్టమే అంటుంది. తేలకపోతే రాష్ట్ర బాలల హక్కుల కమిషన్ ఉంది. దివ్యాంగుల కమిషనర్ ఉన్నారు. సాక్షుల్ని పిలిపించడానికీ, కాయితాలు తెప్పించడానికీ ఆ కమిషనర్‌కు సివిల్ కోర్టుకున్న అధికారాలుంటాయి. చివరికి చేసేది సిఫారసే అయినా, బళ్లు దాన్ని తేలిగ్గా తీసుకోవు.

చదువు హక్కే అని తేల్చిన తీర్పు కూడా మన రాష్ట్రం పేరు మీదే ఉంది. ప్రైవేటు మెడికల్, ఇంజినీరింగు కాలేజీల డొనేషన్ల గొడవ మీద నడిచిన ఉన్నికృష్ణన్ వర్సెస్ ఆంధ్రప్రదేశ్ కేసులో 1993 ఫిబ్రవరి 4న సుప్రీంకోర్టు, 14 ఏళ్ల దాకా చదువు ప్రాథమిక హక్కేనని చెప్పింది. అందులో ప్రధాన తీర్పు రాసింది తెలుగువాడైన జస్టిస్ బి.పి. జీవన్‌రెడ్డి. ఆ మాట 2002లో రాజ్యాంగంలోకి ఎక్కింది, 2010 ఏప్రిల్ 1న చట్టంగా అమల్లోకొచ్చింది. పాలకాయతిప్ప కుర్రాడు పుట్టింది సరిగ్గా ఆ ఏడాది జనవరిలోనే. చట్టమూ వాడూ ఒక ఈడువాళ్లు.

లండన్ అమ్మాయి

ఆ తల్లికి ఇంకో ప్రశ్న ఉంది. రెండోసారి వెళ్లినప్పుడు అడిగింది. ''టీసీ ఇవ్వకుండా ఆపుతారు, బానే ఉంది బాబూ. పోయిన తొమ్మిదేళ్ల మాటేంటి? ఫీజులు, వ్యాను డబ్బులు అన్నీ కలిపి లక్షన్నర పైనే కట్టాం. చేప కుళ్లిపోయిందంటే నేను డబ్బులు తిరిగిచ్చేస్తాను కదా?''

న్యాయమైన ప్రశ్నే. దీనికి చట్టంలో దొరికే జవాబు మాత్రం అంత సూటిగా ఉండదు. వస్తువు బాగా లేకపోతే వినియోగదారుల కోర్టు ఉంది కదా అనిపిస్తుంది ఎవరికైనా. చదువు చెప్పడం ఆ చట్టం కిందికి వచ్చే 'సేవ' కాదని 2020 జనవరిలో జాతీయ వినియోగదారుల కమిషన్ చెప్పింది. ఆ తలుపు దాదాపు మూసినట్టే. ఇక మిగిలింది సివిల్ కోర్టులో నష్టపరిహారం దావా. బడి నిర్లక్ష్యం వల్లే పిల్లాడు చదవలేకపోయాడని రుజువు చేయాలి. అదెంత కష్టమో ప్రపంచమంతా చూసింది. పన్నెండేళ్లు చదివినా ఐదో తరగతి పుస్తకం మించి చదవలేని ఓ కుర్రాడు అమెరికాలో స్కూలు మీద కేసు వేస్తే, పాఠాలు సరిగ్గా చెప్పారా లేదా అన్నది కోర్టులు కొలవలేవని 1976లో కాలిఫోర్నియా న్యాయస్థానం కొట్టేసింది.

గెలిచినవాళ్లు అసలు లేరని కాదు. లాయరు గారు ఆ కథా చెప్పాడు. పమేలా ఫెల్ప్స్ అని, పశ్చిమ లండన్‌లోని హిల్లింగ్‌డన్ ప్రాంతం అమ్మాయి. చదవలేకపోతోందని 1985లో, 11 ఏళ్ల వయసులో స్కూలు వాళ్లు మనస్తత్వ నిపుణురాలికి చూపించారు. చదువుకు సంబంధించిన లోపమేదీ కనిపించలేదని ఆవిడ తేల్చింది. ఆ మాట మీదే బడి నడిచిపోయింది. 1990లో, బడి వదిలేసే ముందు, అమ్మానాన్నలే సొంత డబ్బుతో పరీక్ష చేయిస్తే డిస్‌లెక్సియా అని బయటపడింది. ఆ అమ్మాయి స్థానిక కౌన్సిల్ మీద కేసు వేసింది. 1997లో గెలిచింది. 1998లో పై కోర్టులో ఓడిపోయింది. 2000 జులై 27న హౌస్ ఆఫ్ లార్డ్స్‌లో ఏడుగురు న్యాయమూర్తులు మళ్లీ ఆమె వైపే తీర్పిచ్చారు. డాక్టరుకు రోగి పట్ల ఉన్నట్టే, చదువు చెప్పేవాళ్లకూ, పిల్లల్ని పరీక్షించే నిపుణులకూ ఆ పిల్లల పట్ల బాధ్యత ఉంటుందని, దాన్ని సరిగ్గా నెరవేర్చకపోతే పరిహారం చెల్లించాల్సిందేనని ఆ తీర్పు సారాంశం. ఆమెకొచ్చింది దాదాపు 45,650 పౌండ్లు. అప్పటికి 26 ఏళ్లు.

అమ్మ అంతా శ్రద్ధగా వింది. ''ఇంతకీ ఆ అమ్మాయికి చదవడం వచ్చిందా?'' అని అడిగింది.

లాయరు గారు నవ్వి ఊరుకున్నాడు. తీర్పులో అది ముఖ్యం కాదు.

మన దేశంలో ఇలాంటి పిల్లలు కోర్టుల్లో గెలిచింది ఎక్కువగా పరీక్షల విషయంలోనే. రాయడంలో ఇబ్బంది ఉన్న అవ్నీ ప్రకాశ్ అనే అమ్మాయి 2021 సెప్టెంబరులో నీట్ రాసింది. ఆమెకు రావాల్సిన గంట అదనపు సమయాన్ని ఇవ్వకుండా పేపరు లాగేసుకున్నారు. అదే ఏడాది నవంబరు 23న సుప్రీంకోర్టు, ఇది ఆ అమ్మాయికి జరిగిన అన్యాయమేనని, పరీక్ష పెట్టినవాళ్లే సరిదిద్దాలని ఆదేశించింది. పరీక్ష మళ్లీ పెట్టమని మాత్రం అనలేదు. అంతకు కొన్ని నెలల ముందు, ఫిబ్రవరి 11న వికాస్ కుమార్ కేసులో, చెయ్యి సహకరించక రాయలేనివాళ్లకు 40 శాతం వైకల్యం లేకపోయినా సహాయకుణ్ని ఇవ్వాల్సిందేనని చెప్పింది. అంటే మన న్యాయం ఇంతవరకూ రేపటి గురించే ఎక్కువ మాట్లాడింది. పోయిన ఏళ్లకు ఖరీదు కట్టడం దగ్గరికి ఇంకా రాలేదు.

లాయరు గారు ఆ మాట దాచలేదు. దావా వేస్తే ఏళ్లు పడుతుందన్నాడు. ఒక సంగతి మాత్రం రాసిచ్చాడు. పిల్లల విషయంలో గడువు లెక్క వేరు. మైనారిటీ తీరేదాకా కాలపరిమితి చట్టం వాళ్ల మీద పనిచేయదు. 18 నిండాక మూడేళ్ల వరకూ టైముంటుంది. ''మీరు వెయ్యకపోయినా, రేపు మీవాడు పెద్దయ్యాక వేసుకోవచ్చు. కాయితాలు మాత్రం పారెయ్యకండి.''

వాళ్లడిగితే ఇవ్వలేదు...

జూన్ రెండో వారంలో మండల విద్యాధికారి బడికి విచారణకు వచ్చారు. అదే వారం పడవలు మళ్లీ నీళ్లలోకి దిగాయి, తండ్రి వేటకెళ్లాడు. తల్లి ఒక్కతే వెళ్లింది. బడివాళ్లు టీసీ మాట తామనలేదన్నారు. లాయరు గారు ముందే అన్నట్టు! రిజిస్టర్డ్ పోస్టు రసీదు, అందులో వాళ్లు టీసీ ఇస్తామన్న తేదీ చూశాక, అపార్థం జరిగిందన్నారు. జులైలో బళ్లు తెరిచినప్పుడు పిల్లాడు ఎనిమిదో తరగతిలో కూర్చున్నాడు. బడి రాతపూర్వకంగా నాలుగు విషయాలకు ఒప్పుకొంది. ముందు బెంచీలో కూర్చోబెడతారు. అందరి ముందూ పైకి చదవమనరు. బోర్డు మీది నోట్సు జిరాక్స్ తీసిస్తారు. యూనిట్ పరీక్షల్లో నోటితో చెబితే మార్కులేస్తారు.

ఒప్పుకొన్నవాటిలో రెండు జరిగాయి. జిరాక్స్ దసరా దాకా వచ్చి ఆగిపోయింది. నోటి పరీక్షకు ఎవరికీ తీరిక దొరకలేదు. గోడకుర్చీ లేదు, అది నిజం. కానీ ఆ ఏడాదంతా వాణ్ని ఎవరూ ఏమీ అడగలేదు కూడా. కేసుపెట్టినోళ్ల పిల్లాడని పక్కనపెట్టేశారు. తిట్టకుండా ఉండటం, నేర్పడం రెండూ ఒకటి కాదు. ఏ అర్జీ పెట్టినా మొదటిది వస్తుంది. రెండోది రావాలంటే నేర్పడం తెలిసిన మనిషి కావాలి.

ఆ మనిషి ప్రభుత్వ బళ్ల వైపే ఉంది. ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం సర్వశిక్షా అభియాన్ రోజుల్లో మండలాల్లో పెట్టిన భవిత కేంద్రాల్లో, శిక్షణ పొందిన టీచర్లుంటారు. వాళ్లూ తక్కువే. ఒక్కొక్కరు మండలమంతా చూసుకోవాలి. బళ్లలో ప్రత్యేక టీచర్ల పోస్టులు పెట్టి నింపాలని సుప్రీంకోర్టు 2021 అక్టోబరులో ఓసారి, 2025 మార్చిలో మరోసారి రాష్ట్రాలకు చెప్పాల్సి వచ్చిందంటే పరిస్థితి ఊహించుకోవచ్చు. అయినా ఆ టీచరమ్మ వారానికి రెండు రోజులు పిల్లాణ్ని కూర్చోబెట్టుకుంది. ఇసకలో వేలితో పెద్ద పెద్ద అక్షరాలు రాయించడం, ఒత్తులకు ఓ రంగు, గుణింతాలకు ఓ రంగు వేయించడం... పన్నెండేళ్లు దాటిన వాడికి ఇది నామోషీగానే ఉండేది. ఆరు నెలలకు బస్సు బోర్డు చదివాడు. 'అవనిగడ్డ' అని. అందులో ఒత్తు ఉంది మరి!

ఎనిమిదో తరగతి పూర్తికాగానే తల్లిదండ్రులు బడికి వెళ్లి టీసీ అడిగారు. వాళ్లిస్తానంటే వద్దని అంత పోరాడినవాళ్లు, ఇప్పుడు తమంతట తామే తీసుకుని జిల్లా పరిషత్ హైస్కూల్లో వేశారు. ఊళ్లో కొందరు నవ్వారు, ఈమాత్రం దానికి కోర్టులెందుకని. టీసీలో ప్రవర్తన అన్న చోట 'బాగుంది' అని రాయించుకునేదాకా తల్లి అక్కణ్నుంచి కదల్లేదు.

పదో తరగతిలో ఇంకో గొడవ. ఈసారి బడితో కాదు, పిల్లాడితోనే. సర్టిఫికెట్టు ఉంది కాబట్టి పబ్లిక్ పరీక్షకు అదనపు సమయం ఉంది, రాసిపెట్టే సహాయకుణ్నీ ఇస్తారు. సహాయకుడు ఓ తరగతి తక్కువ వాడై ఉండాలి. ''చిన్నోడెవడో పక్కన కూర్చుని నాకు రాసిపెడితే హాలంతా నన్నే చూస్తది. నే రాయను'' అన్నాడు. వారం రోజులు ఇంట్లో ఇదే. చివరికి ఒప్పించింది అమ్మ కాదు, నాన్న. ''సముద్రంలో ఒక్కడే వల లాగుతాడేంట్రా?'' అన్నాడట. అంతే. తర్వాత తొమ్మిదో తరగతి కుర్రాడితో రోజూ సాయంత్రం సాధన. మెల్లగా చెప్పాలి, కామా ఎక్కడో చెప్పాలి, బొమ్మ ఎటు గీయాలో చెప్పాలి. అదీ ఓ విద్యే.

2025 మార్చిలో పరీక్షలు రాశాడు. సోషల్‌లో 71. తెలుగు, సైన్సు, ఇంగ్లిషు, హిందీ గట్టెక్కాయి. లెక్కల్లో 29. మే నెలలో సప్లిమెంటరీ. వేట నిషేధం రోజులే కావడంతో సెంటరు దాకా నాన్నే తీసుకెళ్లాడు. ఈసారి 41 వచ్చాయి. ఇప్పుడు ఐటీఐలో డీజిల్ మెకానిక్ చదువుతున్నాడు. పడవ ఇంజిను విప్పితే ఏది ఎక్కడ పెట్టాలో వాడికి ఎవరూ చదివి చెప్పక్కర్లేదు. పుస్తకం మాత్రం ఇప్పటికీ నెమ్మదిగానే చదువుతాడు, వేలు పెట్టుకుని.

మొదటి బడి నుంచి ఒక్క రూపాయి తిరిగి రాలేదు. తల్లి ఆ లెక్క మర్చిపోలేదు. ప్లాస్టిక్ కవరు ఇంటి దూలానికి కట్టి ఉంది, ఉప్పెన వచ్చినా తడవకుండా ఇంకో రెండు కవర్లు చుట్టి. 1977 తర్వాత ఆ ఊళ్లో ముఖ్యమైన కాయితాలు ఎవరూ కింద పెట్టరు. పక్క ఊరి నుంచి ఒకామె వచ్చి ఆ అర్జీ జిరాక్స్ తీయించుకుని వెళ్లింది, ఆమె కూతురు నాలుగో తరగతట. పిల్లాడికి 18 నిండేది 2028 జనవరిలో. ఆపైన మూడేళ్లంటే 2031 జనవరి దాకా గడువుంది. ఆ తేదీని లాయరు గారి చేత కవరు మీద పెద్దక్షరాలతో రాయించింది.